వెలుగును బిల్లు మీద రాయండి

1965 మే నెలలో ఒక అర్ధరాత్రి, ఆబిడ్స్ నడిబొడ్డున, నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడు ఒక కవితా సంపుటిని ఆవిష్కరించాడు. దిగంబర కవుల మొదటి సంపుటి అది. మంత్రులకూ ఆచార్యులకూ దక్కే గౌరవం ఆ రాత్రి రిక్షా తొక్కే చేతులకు దక్కింది.

ఆ చౌరస్తాకు కూతవేటు దూరంలో కూర్చుని మేము ఈ ప్రణాళిక రాస్తున్నాం. మేము కవులం కాము. మాలో టీవీ మెకానిక్కులున్నారు, కేబుల్ వైర్లు లాగినవాళ్ళున్నారు, రామకృష్ణ 70 ఎంఎం తెర ముందు నోరు తెరుచుకుని పెరిగినవాళ్ళున్నారు. ఇద్దరు ముగ్గురు ఇంజనీర్లున్నారు. "ఇంక ఆ రిమోట్ కింద పెట్టండి" అని ఇంట్లో తిట్లు తినే మామూలు ప్రేక్షకులే ఎక్కువమంది. మాకింకా పేరు లేదు. పేరుకంటే ముందు పని ఉంది.

తెర ఇచ్చే వెలుగు ఎంతో కొలవాలి. కొలిచింది కాగితం మీద రాయాలి. ఆ కాగితం టీవీ ఎవరిదో వాళ్ళ చేతిలో ఉండాలి. మా పని ఇంతే.

ఇంటికి తెచ్చుకున్న హెచ్‌డీఆర్ టీవీ మసకగా ఉందని ఫోన్ చేసిన మనిషికి ఇన్నాళ్ళూ దొరికిన జవాబులు మూడే. "ఆ సినిమానే అంత సార్." "మీ ఏరియాలో వోల్టేజీ తక్కువ." "వివిడ్‌లో పెట్టుకోండి." వోల్టేజీ సంగతి ఇక్కడే తేల్చేద్దాం. ఇప్పటి టీవీల పవర్ బోర్డులు మామూలుగా 100 నుంచి 240 వోల్టుల దాకా దేనితోనైనా నడుస్తాయి. వీధి దీపం మినుకుమన్నా మీ టీవీ లోపల ఎల్ఈడీలకు అందే కరెంటు మారదు. మిగతా రెండు జవాబులకూ వయసైపోయింది. ఇకమీదట చెప్పే జవాబులో ఒక అంకె ఉండాలి.

మా నమ్మకాలు ఇవి.

ఒకటి. వెలుగు కొలిచి అమ్మవలసిన సరుకు.

బియ్యం తూచేటప్పుడు కాటా చూస్తాం. బట్ట చింపేటప్పుడు మీటరు బద్ద చూస్తాం. పెట్రోలు పోసేముందు సున్నా చూపించమంటాం. ట్రూప్ బజారుకు వెళ్ళి వంద రూపాయల ఎల్ఈడీ బల్బు డబ్బా తిప్పి చూడండి: వాట్ల పక్కనే ల్యూమెన్లు అచ్చేసి ఉంటాయి. అక్కణ్ణుంచి ఆబిడ్స్ షోరూంకి నడిచి లక్ష రూపాయల టీవీ డబ్బా తిప్పండి. అంగుళాలుంటాయి, హెచ్‌డీఆర్ ముద్రలుంటాయి, కరెంటు పొదుపు నక్షత్రాలుంటాయి. వెలుగెంతో సాధారణంగా ఉండదు. బల్బుకు దక్కిన మర్యాద టీవీకి దక్కలేదు.

కొలమానం లేక ఇలా జరగలేదు. తెరలో ఒక చదరపు మీటరు మేర నుంచి మన వైపు ఒక క్యాండెలా వెలుగు వస్తే దాన్ని ఒక నిట్ అంటారు. క్యాండెలా అంటే మోటుగా ఒక కొవ్వొత్తి వెలుగు. కరెంటు పోయిన రాత్రి కొవ్వొత్తి పట్టుకుని పరీక్షకు చదివిన తరం మనది. నిట్ మనకు పరాయి మాట కానక్కర్లేదు.

రెండు. హెచ్‌డీఆర్ ప్రతి చుక్కకూ ఒక హామీ ఇచ్చింది. ఆ హామీ నెరవేరాలి.

డిజిటల్ థియేటర్లో తెల్లటి తెర ప్రమాణం 48 నిట్లు. చీకటి హాల్లో అది చాలు. ఇంటి టీవీ కోసం పాత పద్ధతిలో బొమ్మకు రంగులు దిద్దేవాళ్ళు తెలుపును 100 నిట్ల దగ్గర నిలిపేవాళ్ళు. హెచ్‌డీఆర్ బొమ్మలు వాడే పీక్యూ పద్ధతి 2014లో ప్రమాణంగా వచ్చి ఆ కంచెను తెంచింది. దాని మెట్లు 10,000 నిట్ల దాకా ఎక్కుతాయి. ఆ ఎత్తుకంటే పెద్ద విషయం ఇంకొకటుంది. పాత పద్ధతిలో "తెలుపు" అంటే మీ టీవీ ఎంతిస్తే అంత. పీక్యూలో దిద్దినవాడు ఒక చుక్క దగ్గర 600 అని రాస్తే, మీ గదిలోనూ అది 600 నిట్లే కావాలి. బొమ్మ మొత్తం ఒక ఒప్పంద పత్రం.

వాన వెలిసిన సాయంత్రం నాంపల్లి స్టేషన్లో ప్లాట్‌ఫాం చివర నిలబడ్డారా ఎప్పుడైనా? తడి పట్టాలు, టీ బండి మీద బల్బు, పోర్టరు ఎర్రచొక్కా, గోడ మీద చెమ్మ. దీన్ని సినిమాగా తీసి దిద్దితే చాలా భాగం వంద, నూటయాభై నిట్లలో ఇమిడిపోతుంది. అంతలో బండి వస్తుంది. ఇంజను దీపం ఒక్కటే వెయ్యి అడుగుతుంది. పట్టాల మీద మెరిసే సన్నటి గీతలు నాలుగైదు వందలు అడుగుతాయి. ఇవ్వలేని తెర ఆ దీపాన్ని తెచ్చి టీ బండి బల్బు పక్కన కూర్చోబెడుతుంది. బండి వచ్చినట్టే ఉండదు.

కళ్ళు చెదిరే తెర మాకక్కర్లేదు. వెలుగు అడిగిన ఆ చిన్న చుక్కకు దాని వాటా అందాలి. పీక్ బ్రైట్‌నెస్ అంటే ఆ వాటాయే.

మూడు. విండో చెప్పని అంకెను మేము అంకెగా గుర్తించం.

"ఇది 1500 నిట్ల టీవీ" అని ఎవరైనా అంటే మా మొదటి ప్రశ్న: ఎంత విండోలో? నల్లటి తెర మధ్య, మొత్తం విస్తీర్ణంలో పదో వంతు మేర తెల్లటి పెట్టె వేస్తే అది 10 శాతం విండో. తెరంతా తెలుపు పరిస్తే 100 శాతం. ఓఎల్ఈడీలో ప్రతి చుక్కా తనంతట తనే వెలుగుతుంది, తన కరెంటు తను తాగుతుంది. అన్నీ ఒక్కసారి వెలగబోతే పవర్ బోర్డూ తట్టుకోదు, ప్యానెలూ తట్టుకోదు. అపార్టుమెంటులో అందరూ ఒకేసారి నల్లాలు తిప్పితే ధార సన్నబడుతుందే, అలాగే లోపల ఒక లిమిటర్ వెలుగును తగ్గించేస్తుంది. 10 శాతంలో ఎనిమిది వందలిచ్చే ఓఎల్ఈడీ 100 శాతంలో నూటయాభైకి దిగిందంటే అది రోగం కాదు. తెరంతా తెలుపు వేసి, వెలుగు కొలిచే మీటరు పెట్టి, "అయ్యో, మోసపోయాం" అని తల పట్టుకున్నవాళ్ళు మాలోనూ ఉన్నారు.

ఎల్‌సీడీల తీరు వేరు. వెనక బ్యాక్‌లైట్‌ను గళ్ళుగళ్ళుగా వెలిగించి ఆర్పే లోకల్ డిమ్మింగ్ ఉన్న సెట్లలో, పెట్టె మరీ చిన్నదైతే చుట్టూ నలుపును కాపాడబోయి కొన్ని సెట్లు వెలుగునే బిగబడతాయి. 2 శాతంలో తక్కువ, 10లో ఎక్కువ రావడం అక్కడ మామూలే. అందుకే 2, 10, 25, 100 నాలుగూ రాస్తాం. పెట్టె వేశాక మీటరు వెంటనే చదవాలి. కొన్ని ప్యానెళ్ళు శిఖరం మీద కొద్ది సెకన్లే నిలబడతాయి, తర్వాత మెల్లగా కిందికి జారతాయి. ఒక కొలతకూ ఇంకో కొలతకూ మధ్య నల్లతెర వేసి ప్యానెల్‌ను ఊపిరి పీల్చుకోనివ్వండి.

నాలుగు. ప్యానెల్‌ను నిందించేముందు దారంతా నడవాలి.

వెలుగు తక్కువైన టీవీని చూడగానే "ప్యానెల్ పోయింది" అనడం సులువు. మేము ఆ మాటను ఆఖరికి దాచుకుంటాం. సిగ్నల్ బయల్దేరిన పెట్టె నుంచి కంటికి కనపడే గాజు దాకా ఒక్కో మజిలీ దగ్గర ఆగి అడుగుతూ పోతాం.

నాంపల్లి అవతల రెడ్‌హిల్స్‌లో ఒక రిటైరైన మాస్టారి ఇల్లు. 55 అంగుళాల టీవీ. కొత్తలోనే మసకగా ఉందని కంప్లైంట్ ఇస్తే ఎవరో వచ్చి, రిమోట్ నొక్కి, "ప్యానెల్ అంతే సార్" అని వెళ్ళిపోయారట. మేము వెళ్ళి మీటరు ఆనించాం. 10 శాతం విండోలో రెండు వందల పైచిలుకు చూపించింది. ఆ తరగతి సెట్టు దానికి మూడింతలు ఇవ్వాలి.

ముందు తెర మూల చూశాం. హెచ్‌డీఆర్ గుర్తే రాలేదు. అంటే ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో హెచ్‌డీఆర్ బొమ్మే పడలేదు. ప్లేయర్ తగిలించిన హెచ్‌డీఎంఐ పోర్టులో పూర్తి సిగ్నల్‌ను అనుమతించే సెట్టింగ్ ఆఫ్‌లో ఉంది. ఒక్కో కంపెనీ దానికి ఒక్కో పేరు పెడుతుంది: డీప్ కలర్ అనో, ఎన్‌హాన్స్‌డ్ అనో, ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్ అనో. ఒక్కో పోర్టుకూ విడివిడిగా ఆన్ చేసుకోవాలి. చేశాం. తెర ఒకసారి నల్లబడి తిరిగి వచ్చింది, గుర్తు వెలిగింది. మీటరు నాలుగు వందలు దాటింది.

ఇంకా తక్కువే. "నేను బ్యాక్‌లైట్ ఫుల్లు పెట్టేశానే" అన్నారు మాస్టారు. నిజమే, పెట్టారు, కానీ మామూలు బొమ్మకు. హెచ్‌డీఆర్ రాగానే టీవీ వేరే జ్ఞాపకాల పుస్తకం తెరుస్తుంది. అందులో బ్యాక్‌లైటూ కాంట్రాస్టూ వేరు, లోకల్ డిమ్మింగ్ వేరు. ఆ పుస్తకంలో బ్యాక్‌లైట్ సగంలో ఉంది. దాన్ని పైకి తెచ్చాం. చివరగా కరెంటు పొదుపు మోడూ, గదిలో వెలుగును చూసి తెరను తగ్గించే సెన్సారూ ఆపేశాం. అంకె ఏడు వందల దరిదాపుల్లో నిలబడింది.

"అయితే ఇన్నాళ్ళూ ఇది ఒక కన్ను మూసుకునే చూపించిందన్నమాట" అన్నారు మాస్టారు. లోపలినుంచి వాళ్ళావిడ "మరి కరెంటు బిల్లు మీ మీటరు కడుతుందా?" అన్నారు. ఆ ప్రశ్న న్యాయమైనది. పొదుపు మోడ్ శత్రువేమీ కాదు. వార్తలు చూసేటప్పుడు పెట్టుకోండి. సినిమా చూసేటప్పుడూ కొలిచేటప్పుడూ తీసేయండి. అది ఆన్‌లో ఉందని తెలిసి ఉండటం ముఖ్యం.

దారిలో ఇంకా కొన్ని మజిలీలున్నాయి. ప్లేయర్ లిమిటెడ్ రేంజిలో పంపుతుంటే టీవీ ఫుల్ రేంజి అనుకుంటే నలుపు బూడిదవుతుంది, తెలుపు వెలవెలపోతుంది. రెండు వైపులా ఒకే మాట ఉండాలి. కొలత బొమ్మతోపాటు వెళ్ళే మెటాడేటా "ఇది 10,000 నిట్ల బొమ్మ" అని చెబితే టీవీ అంత ఎత్తునూ తన చిన్న గదిలో సర్దబోయి మధ్యలో ఉన్నవన్నీ అణచేస్తుంది. 1000 అని చెప్పి చూడండి. సన్నివేశాన్ని బట్టి మారే డైనమిక్ టోన్ మ్యాపింగ్‌ను కొలిచేంతసేపు ఆపండి. పీక్యూ మెట్లు ఎలా ఉంటాయో కూడా గుర్తుంచుకోవాలి: 100 నిట్లు సుమారు 51 శాతం సిగ్నల్ దగ్గర, 1000 నిట్లు సుమారు 75 శాతం దగ్గర వస్తాయి. 50 శాతం బూడిదరంగు పెట్టె వేసి, తొంభై నిట్లు చూసి, టీవీని తిట్టినవాళ్ళున్నారు. పాపం, టీవీ సరిగ్గానే చెప్పింది.

ఐదు. కొలిచేవాడు కూడా కొలతకు లోబడాలి.

మీటరు లోపల రంగు ఫిల్టర్లుంటాయి. తెల్ల ఓఎల్ఈడీ, క్వాంటమ్ డాట్ ఓఎల్ఈడీ, మామూలు ఎల్‌సీడీ ఒకే తెలుపును వేర్వేరు రంగుల మిశ్రమాలతో తయారు చేస్తాయి. ఏ రకం తెరో సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే, ఆ రకానికి తగిన సవరణ ఇవ్వకపోతే, మీటరు ధీమాగా అబద్ధం చెబుతుంది. కొన్ని పాత మీటర్లు 1000 నిట్ల దగ్గరే ఆగిపోతాయి. పదిహేను వందల తెరను వాటితో కొలవడం గ్లాసుతో డ్రమ్ము కొలిచినట్టే. గది వెలుగును కొలవడానికి వాడే తెల్లటి మూతను తీయకుండా తెరకు ఆనించి గంటసేపు మెనూలు వెతికిన ఘనుడు మాలో ఒకడున్నాడు. పేరు రాయం. రాస్తే ఈ ప్రణాళిక మీద సంతకం పెట్టనన్నాడు.

ఫోన్‌లో లక్స్ యాప్ అంకెను మేము లెక్కలోకి తీసుకోం. ఒక సెట్టింగ్ మార్చకముందు, మార్చిన తర్వాత తేడా ఉందా లేదా చూసుకోవడానికి మాత్రం పనికొస్తుంది.

ఆరు. నిజమైన తెలుపుకు కొంత వెలుగు ఖర్చవుతుంది. ఆ ఖర్చును ఒప్పుకుంటాం.

క్యాలిబ్రేషన్ చేయించాక, అంటే తెర రంగులను ప్రమాణానికి సరిచేయించాక, పీక్ తగ్గిందని ఫిర్యాదు చేసేవాళ్ళకు ఇది మా జవాబు. షోరూంలో టీవీలు నీలం కలిపిన తెలుపుతో మెరుస్తాయి, ఉజాలా ఎక్కువైన చొక్కాలాగా. ప్రమాణమైన తెలుపు డీ65. అక్కడికి చేరాలంటే ఎక్కువైన నీలాన్ని తగ్గించాలి, తగ్గించిన మేర వెలుగు పోతుంది. తక్కువైన రంగును పెంచి చేరుదామంటే కుదరదు. శిఖరం దగ్గర ఆ రంగు అప్పటికే తన చివరి మెట్టు మీద ఉంటుంది.

మన ఇళ్ళలో వెలిగే కూల్ డేలైట్ ట్యూబులైటు డబ్బా మీద 6500కె అని ఉంటుంది. టీవీ ప్రమాణం కూడా ఇంచుమించు ఆ తెలుపే. సరిచేసిన తెర పసుపు పూసినట్టుందని గోల పెట్టే బంధువును ట్యూబులైటు కిందే పావుగంట కూర్చోబెట్టండి. గొడవ సద్దుమణుగుతుంది.

ఏడు. రిపేరు బిల్లు మీద వెలుగు ఉండాలి.

మా ఉద్యమానికి ఇదే గుండెకాయ, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాం.

ఆబిడ్స్ వెనక గల్లీలో, మెట్ల కింద, ఒక పాత దుప్పటి మీద టీవీ బోర్లా పడుకుని ఉంది. "సౌండొస్తది, బొమ్మ రాదు" అని తెచ్చి పడేశారు. అక్కడి మెకానిక్ కుర్రవాడు చీకట్లో తెర మీదికి టార్చి కొట్టి చూశాడు. లీలగా బొమ్మ కదులుతోంది. అంటే ప్యానెల్ బతికే ఉంది, వెనక బ్యాక్‌లైట్ పోయింది. వరసగా కలిపిన ఎల్ఈడీల్లో ఒక్కటి తెగినా ఆ వరసంతా ఆరిపోతుంది. గాజును రెండు చేతుల మీద, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి పక్కన పెట్టాడు. కింద తెల్లటి పల్చటి షీట్లు ఒకదాని మీద ఒకటి. వాటి వరస తారుమారైనా, ఒకటి తిరగబడినా తెర మచ్చలు పడుతుంది. వాటి కింద స్ట్రిప్పులు, ప్రతి ఎల్ఈడీ మీదా బొట్టుబిళ్ళంత లెన్సు. రెండు లెన్సులు ఊడి మూలకు దొర్లి ఉన్నాయి. పాత స్ట్రిప్పులు తీసి కొత్తవి అంటించాడు. తర్వాత పవర్ బోర్డు తిప్పి, కళ్ళద్దం పెట్టుకుని, బియ్యపుగింజలో సగం లేని ఒక రెసిస్టర్‌ను సోల్డరింగ్ ఐరన్‌తో లేపేశాడు.

"ఫుల్ కరెంటిస్తె ఆర్నెల్లల్ల మల్ల మాడిపోతది భాయ్. తగ్గిచ్చిన. ఇగ ఢోకా లేదు."

ఎల్ఈడీలకు ఎంత కరెంటు వెళ్తోందో డ్రైవర్ చిప్పు ఆ చిన్న రెసిస్టర్ల గుండానే గ్రహిస్తుంది. పక్కపక్కన ఉన్న వాటిలో ఒకటి తీసేస్తే మొత్తం రెసిస్టెన్స్ పెరుగుతుంది. చిప్పు తక్కువ కరెంటుకే "చాలు" అనుకుంటుంది. వెలుగు దాదాపు ఆ నిష్పత్తిలోనే పడిపోతుంది. వేడి కూడా తగ్గుతుంది, స్ట్రిప్పు ఎక్కువకాలం బతుకుతుంది. కుర్రవాడు చెప్పింది అక్షరాలా నిజం. అతను మోసగాడు కాడు. మా దృష్టిలో ఈ ఊరి నిజమైన ఇంజనీరు అతనే.

ఏడాది తర్వాత ఆ టీవీని ఎవరో క్యాలిబ్రేషన్‌కు పెడతారు. హెచ్‌డీఆర్ గుర్తు వెలుగుతుంది, పొదుపు మోడ్ ఆఫ్, బ్యాక్‌లైట్ నూరు. అంకె మాత్రం సగం. పోర్టు మార్చుతారు, కేబుల్ మార్చుతారు, మీటరును అనుమానిస్తారు. జవాబు మెనూలో లేదు. గల్లీలో మెట్ల కింద ఊడ్చేసిన చెత్తలో ఉంది.

కరెంటు తగ్గించడాన్ని మేము తప్పు పట్టం. చెప్పకుండా తగ్గించడాన్ని ఒప్పుకోం. ఆయుష్షు కావాలా, వెలుగు కావాలా అన్నది టీవీ యజమాని తేల్చుకోవలసిన సంగతి. కొందరు ఆయుష్షే కోరుకుంటారు, సీరియళ్ళు చూసే ఇంటికి అదే మేలు కూడా. కానీ అడగాలి. అడిగి బిల్లు మీద రాయాలి: ఎన్ని స్ట్రిప్పులు మార్చారు, ఎల్ఈడీలు 3 వోల్టులవా 6 వోల్టులవా, కరెంటు ఎంతనుంచి ఎంతకు తగ్గించారు, పనయ్యాక 10 శాతం విండోలో ఎన్ని నిట్లు. నాలుగు ముక్కలు. బిల్లు బుక్కు వెనక ఖాళీ చాలు. అలా రాసిన మెకానిక్కు పని మీద మాకు భరోసా ఉంటుంది. అతని మజూరీ పెరగాలని కూడా మేము అడుగుతాం.

ఎనిమిది. పేద ప్యానెల్‌ను పేద ప్యానెల్ అనే చెప్పాలి.

హెచ్‌డీఆర్ సిగ్నల్ పుచ్చుకోవడం వేరు, హెచ్‌డీఆర్ వెలుగు ఇవ్వడం వేరు. 2016లో యూహెచ్‌డీ అలయన్స్ తన ప్రీమియం ముద్రకు రెండు దారులు పెట్టింది. నలుపు 0.05 నిట్లకు మించకుండా శిఖరం 1000 దాటాలి, లేదా నలుపు 0.0005కు మించకుండా శిఖరం 540 దాటాలి. చవక సెట్లు చాలావరకు మూడు నాలుగు వందల నిట్ల దగ్గరే ఆగిపోతాయి, వాటికి లోకల్ డిమ్మింగ్ కూడా ఉండదు. అలాంటి టీవీకి ఏ మెనూలోనూ మందు లేదు. ప్లేయర్‌లో హెచ్‌డీఆర్ ఆపేసి మామూలు బొమ్మే చూడండి, దానికంటే బాగుంటుంది.

తొమ్మిది. రేపటి బజారును మేము ఇప్పటినుంచే చూస్తున్నాం.

టీవీ ఈ ఊరికి కొత్త కాదు. 1967లో హైదరాబాదులో పుట్టిన ఈసీఐఎల్ తన పేరుతోనే టీవీలు చేసి అమ్మింది. మధ్యతరగతి ఇళ్ళలో ఈసీ టీవీ ఉండటం ఒకప్పుడు హోదా. ఈ రోజు మన సినిమాలను డాల్బీ విజన్‌లో దిద్దే ఏర్పాటు ఇదే ఊళ్ళో, అన్నపూర్ణ స్టూడియోస్‌లో ఉంది. బొమ్మకు వెలుగు దిద్దే గదికీ ఆ బొమ్మను చూసే ఆబిడ్స్ ఇంటికీ మధ్య పది కిలోమీటర్లు కూడా లేదు. అంత కొద్ది దూరంలో సగం వెలుగు కనపడకుండా పోవడాన్ని రేపటి హైదరాబాదు నమ్మలేనంత వింతగా చెప్పుకోవాలి.

మేము కోరుకునే రోజున షోరూంలో ప్రతి టీవీ కింద ధర చీటీ పక్కనే ఇంకో చీటీ ఉంటుంది: 10 శాతం ఇంత, 100 శాతం ఇంత, తెలుపు సరిచేశాక ఇంత. గల్లీకి ఒక మీటరు ఉంటుంది, కిరాయి సైకిలు తీసుకున్నట్టు గంటకింత అని తీసుకోవచ్చు. పాత టీవీ అమ్మేవాడు రిపేరు కాగితాలు, బండి ఆర్సీ చూపించినట్టు చూపిస్తాడు. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై 1946లో నాంపల్లి మైదానానికి వచ్చిన నుమాయిష్‌లో, ఏటా జనవరి 1 నుంచి సాగే ఆ ఆరు వారాల సంబరంలో, మిర్చీ బజ్జీల బండికీ లక్క గాజుల దుకాణానికీ మధ్య ఒక నల్లగుడ్డ డేరా ఉంటుంది. లోపల ఒక తెర, ఒక తెల్లటి పెట్టె, ఒక మీటరు. పిల్లలు లోపలికి వెళ్ళి, అంకె చూసి, బయటికొచ్చి తండ్రిని అడుగుతారు: "నానా, మన టీవీది ఎంత?"

ఈ కాగితం చదువుతున్న మిత్రమా, మీరు మెకానిక్ అయితే రేపటి బిల్లు మీద ఆ నాలుగు ముక్కలు రాయండి. దుకాణదారు అయితే ఒక్క టీవీ కింద చీటీ పెట్టి చూడండి. ప్రేక్షకులైతే ఆదివారం పొద్దున, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచే వేళకు, ఆబిడ్స్ జీపీఓ ముందుకు రండి. మీ టీవీ మోడల్ నెంబరు, ఏ పోర్టుకు ఏ పెట్టె తగిలించారో, ఎప్పుడైనా బ్యాక్‌లైట్ మార్పించి ఉంటే ఆ బిల్లు, వెంట తెచ్చుకోండి. బిల్లు ఇవ్వలేదంటే ఆ మాటే రాసుకుని రండి. మీటరు మా దగ్గర ప్రస్తుతానికి ఒక్కటే ఉంది. వరసలో నిలబడాల్సి వస్తుంది.